ఎండను వాకిటనే ఆపుదము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన ముప్కాల్‌లో దీపము వలె వెలుగుచున్నది. ఇట్టి శుభ సమయమున పుస్తకములను గూర్చి గాక ఇండ్లను గూర్చి మాటలాడ పూనుకొన్నందుకు మన్నింపుడు. చదివిన దానిని బ్రతుకునకు అక్కరకు తెచ్చుకొనుటయే గ్రంథాలయమునకు మనము చేయు పూజ యని నా నమ్మకము.

మన పల్లెలలో ఇండ్లు మారినవి. మట్టిగోడలు, గూన పెంకులు, నడుమ భవంతి, ముందు అరుగు గల ఇండ్లు తగ్గి స్లాబు ఇండ్లు పెరిగినవి. వీనిలో పెక్కు గల్ఫు దేశములలో మన బిడ్డలు చెమటోడ్చి పంపిన సొమ్ముతో లేచినవి. చెదల బాధ లేదు, ఏటేట పెంకులు సరిచేయు పని లేదు; వానిని నిందించుట నా ఉద్దేశము కాదు. కాని మే మాసపు రాత్రి ఆ ఇండ్లలో ముసలి తల్లిదండ్రులకు కునుకు పట్టుట లేదు. పగలంతయు ఎండను త్రాగిన కప్పు రాత్రి ఆ వేడిమిని గదిలోనికి వదలును. కూలరు తిరిగిన కొలది కరెంటు బిల్లు పెరుగును. ఇది సుఖమును గూర్చిన మాట మాత్రమే కాదు. 2015 మే మాసపు వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలో వేయి మందికి పైగా అసువులు బాసిరి.

మొదట సూర్యుని నడకను చూడుడు. మన ఊరు సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. అందుచేత మే నెల నడుమ, మరల జూలై చివర, మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన నిలుచును. వేసవిలో అన్నిటికంటె మిక్కుటమైన ఎండ పడునది కప్పు మీదనే. దాని తరువాతిది పడమటి గోడ. దక్షిణపు కిటికీకి చిన్న చూరు చాలును. వేసవి ఎండను అది ఆపును, చలికాలపు వాలుటెండను రానిచ్చును. పడమటి ఎండ అట్లు కాదు. అది చూరు క్రిందుగా దూరి వచ్చును. దానికి నిలువు తెర కావలయును.

ఆ తెర కిటికీకి వెలుపల ఉండవలెను. అద్దము దాటిన ఎండ అప్పటికే గదిలో చేరినది. లోపలి పరదా వెలుతురును తగ్గించును గాని వేడిని వెనుకకు పంపజాలదు. మన పెద్దలు వట్టివేళ్ళ తడకలను వెలుపలనే కట్టి నీళ్ళు చల్లుటలోని మర్మమిదియే.

నేడు ఇతర దేశములలో భాగములను కార్ఖానాలో చేసి, లారీలపై తెచ్చి, స్థలమున బిగించు ఇండ్లు వచ్చుచున్నవి. 2013లో అమెరికాలోని ఇర్వైన్ నగరమున జరిగిన సోలార్ డెకాథ్లాన్ పోటీలో ఆస్ట్రియా దేశపు వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థులు చెక్కతో కట్టిన అట్టి ఇంటికి ప్రథమ స్థానము లభించినది. ఇట్టి ఇండ్లలో కొన్నిటికి వెలుపలి తెరలు వాటంతట అవియే దిగును. ఎండను గుర్తించు చిన్న పరికరము మోటారుకు సంకేతమిచ్చును, తెర వాలును, పెనుగాలి వీచిన ముడుచుకొనును. ఇందులో క్రొత్త సూత్రమేమున్నది? మన తడకయే! కాని ఒక మేలు కలదు. అందరును పొలమునకు పోయిన వేళ రెండు గంటలకు తడక దించువారెవరు? మంచము పట్టిన ముసలివారు లేవజాలరు. యంత్రము మరువదు. అయితే మోటారు చెడిన నాడు చేతితో దింపుటకు వీలులేని తెరను మాత్రము కొనకుడు.

యంత్రము లేకున్నను కప్పును కాపాడుకొనవచ్చును. హైదరాబాదు ప్రాంతపు వాణిజ్య భవనములపై చేసి 2012లో ప్రకటించిన పరిశోధనలో, మామూలు కాంక్రీటు కప్పునకు తెల్లని పూత వేసినచో చల్లదనమునకగు కరెంటు 10 నుండి 19 శాతము వరకు తగ్గునని తేలినది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పుల విధానమును ప్రకటించి, 600 చదరపు గజములు మరియు అంతకు మించిన స్థలములలోని నివాసములకు దానిని విధిగా నియమించినది. చిన్న ఇండ్లకు ఆ నిర్బంధము లేదు. కాని అవసరమంతయు చిన్న ఇండ్లదే!

2024 మార్చిలో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకమున, స్వంత స్థలము గల పేదలు కనీసము 400 చదరపు అడుగుల ఇల్లు కట్టుకొనుటకు 5 లక్షల రూపాయల సహాయము నిర్ణయింపబడినది. ఇట్టి ఇల్లు జీవితమున ఒక్కమారే కట్టుదుము. కావున మేస్త్రీ ముగ్గు పోయకమునుపే నాలుగు మాటలు తేల్చుకొనుడు: పడమట పెద్ద కిటికీ వలదు, ఎదురెదురుగా గాలి దారులు ఉండవలెను, పడమటి గోడకు వెలుపల తడక గాని, వేప, కానుగ చెట్లు గాని కావలెను, కప్పునకు తెల్లని పూత వేయవలెను. సున్నపు పూత వానలకు పోవును. పసుపు, మక్కలు ఎండబోసిన మురికియగును. కనుక ఏటేట శివరాత్రి దాటగనే కప్పు కడిగి మరల పూయవలెను. శ్రమయే, కాదనను. కాని కూలరు వలె నెలనెల బిల్లు అడుగదు.

దూర దేశమున ఎండలో పనిచేసి బిడ్డ పంపిన సొమ్ముతో కట్టిన ఇంట, తల్లి ఎండకు వేగుట న్యాయము కాదు. ఈ గ్రంథాలయ స్వర్ణోత్సవము నాటికి, వేసవి రాత్రి మన ఊరి ముసలివారు ఇంటిలోపలనే కంటినిండ నిద్రించు భాగ్యము కలుగవలెనని కోరుచున్నాను.