చల్లబడిందని ఏమరవద్దు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలన్నారు. 2015 మే నెలాఖరున ఆ మాట ఎంత నిజమో మనమందరం చూచాము. ఆ వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మనుషుల గతే అలా ఉంటే, నల్లని తోలు, తక్కువ చెమట గ్రంథులు గల గేదె అవస్థ చెప్పనక్కరలేదు. అందుకే వేసవిలో మీరు గేదెలను చెరువుకు తోలుతారు, పందిరి వేస్తారు, ఒంటిమీద నీళ్ళు చల్లుతారు. ఎండ కంటికి కనబడే శత్రువు గనుక జాగ్రత్తపడతాము.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. ఒక సాయంత్రం గాలిదుమారం, ఒక రాత్రి జల్లు, మరునాడు మళ్ళీ ఉక్క. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందని సామెత. మనమూ అమ్మయ్య అనుకుని చేయి వదులుతాము. నేను మనవి చేయదలచినది ఒక్కటే: చేయి వదలవలసిన సమయం ఇది కాదు. నా ఉద్యోగంలో తొలకరి రోజులలో చూచినన్ని తగాదాలు, పశునష్టాలు మండువేసవిలో చూడలేదు.

ముందు తగాదా సంగతి చెబుతాను, అది నా శాఖ పని గనుక.

కొన్నేళ్ళ క్రితం జూన్ మూడో వారంలో ఒక సంఘం నుంచి ఫిర్యాదు వచ్చింది. వెన్న శాతం పరీక్షించే కుర్రవాడు మోసం చేస్తున్నాడని పదిహేడు మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. అప్పటికే ముగ్గురు సంఘానికి పాలు మాని బయటి వ్యాపారికి పోస్తున్నారు. నేను వెళ్ళి రెండు పూటలు ఆ పరీక్ష బల్ల దగ్గరే కూర్చున్నాను. పాలు కలియబెట్టించి నమూనాలు నేనే తీశాను, ఒక్కొక్కటి రెండుసార్లు చూపించాను. లెక్కలో తేడా రాలేదు.

సంతకం పెట్టినవారిలో ఒక పెద్దమ్మ నన్ను వదలలేదు. "బాబూ, నా గేదె అదే, నా చెంబు అదే. మారింది మీ మిషనే గదా!" అన్నది. నేను ఆమె ఇంటికి వెళ్ళి చూచాను. గడ్డివామి ముట్టలేదు. గట్లమీద మొలిచిన లేతగడ్డి మోపులు మోపులుగా కోసి వేస్తున్నది. లేతగడ్డిలో నీరు ఎక్కువ, పీచు తక్కువ. పీచు తగ్గితే పాలలో వెన్న శాతం తగ్గుతుంది, పాలు మాత్రం పెరుగుతాయి. ఆమె పుస్తకం తీసి లెక్కవేశాము. మే నెలలో పూటకు 3 లీటర్లు, 7 శాతం. జూన్‌లో మూడున్నర లీటర్లు, 6 శాతం. లీటరును కిలోగా పట్టుకుంటే వెన్న అప్పుడూ 210 గ్రాములే, ఇప్పుడూ 210 గ్రాములే! శాతం తగ్గింది గాని సొత్తు పోలేదు.

మరి ఒక సాయంత్రం 5 శాతమే ఎందుకు వచ్చిందని అడిగింది. ఆ సాయంత్రం ఏం జరిగిందని నేను అడిగాను. ఉరుములు, గాలి. గేదె బెదిరి సరిగా చేపలేదు. ఈమె కంగారుగా పితికి మిగిలింది దూడకు వదిలేసింది. వెన్న ఎక్కువగా ఉండేది ఆ చివరి ధారలలోనే. మొదటి ధారలు సంఘానికి, చివరి ధారలు దూడకు పోతే మిషను ఏం చేస్తుంది?

ఎండుగడ్డి ముందు వేసి, తరువాత పచ్చగడ్డి వేయమన్నాను. కొత్త మేతకు పశువు పొట్ట అలవాటు పడడానికి రెండు వారాలైనా పడుతుంది గనుక పచ్చగడ్డి కొద్దికొద్దిగా పెంచమన్నాను. నెలాఖరుకు శాతం కొంత కోలుకున్నది.

అయితే తప్పంతా సభ్యులదేనని నేను వ్రాయలేదు. శాతం ఎందుకు తగ్గుతుందో కార్యదర్శి ఒక్క మాట చెప్పి ఉంటే, అంకె సభ్యుని కళ్ళ ఎదుట చూపి ఉంటే, ఆ కుర్రవాడు దొంగ అనిపించుకునేవాడు కాదు. వెళ్ళిపోయిన ముగ్గురిలో ఇద్దరు తిరిగి వచ్చారు. ఒకరు రాలేదు. విరిగిన పాలనూ, విరిగిన నమ్మకాన్నీ మళ్ళీ తోడు పెట్టలేము.

పాలు విరగడం అంటే గుర్తుకు వచ్చింది. చల్లబడింది గదా అని కేంద్రానికి ఆలస్యంగా తెచ్చేవారున్నారు. మన ఒంటికి చల్లగా తోచిన గాలి పాలకు చల్లన కాదు. పితికిన పాలు 37, 38 డిగ్రీల వేడిమీద ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మక్రిములు అరగంటలోపే రెట్టింపు కాగలవు. పైగా ఇప్పుడు పొదుగుకు బురద. పొదుగు కడిగి పొడిగుడ్డతో తుడిచి, పితికిన వెంటనే పాలు తెండి. గాలివానకు కరెంటు పోతుంది గనుక, పాలను 4 డిగ్రీలకు చల్లబరచే ట్యాంకు ఉన్న సంఘంవారు జనరేటరును, డీజిలును ఇప్పుడే సరిచూసుకోవాలి.

ఇక పశునష్టం. నేను పశువైద్యుణ్ణి కాను, సంఘం రిజిస్టర్లు చూచేవాణ్ణి. రెండు పూటలా పాలు పోసిన సభ్యుని పేరు ఎదుట ఒకనాడు గడి ఖాళీగా ఉంటుంది, మరునాడూ ఖాళీయే. విచారిస్తే గేదె పోయింది అంటారు. గేదె పోయినా అప్పు కంతు ఆగదు గదా!

తొలకరిలో ముఖ్యంగా భయపడవలసినది గొంతువాపు, దానినే గురక వ్యాధి అంటారు. ఎక్కువ జ్వరం, చొంగ, గొంతు దగ్గర వాపు, గురక. గేదె ఒకటి రెండు రోజులలోనే చనిపోవచ్చు. దీనికి టీకా ప్రతి ఏడాదీ వానలకు ముందే వేయించాలి. టీకా వేసిన మరునాడే రక్షణ రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. మేలో వేయించనివారు ఈ వారమే వేయించండి. ఆవు పెయ్యలకు, కోడెదూడలకు జబ్బవాపు టీకా సంగతి కూడా డాక్టరుగారిని అడగండి.

రెండవది జొన్న. ఎండకు వాడి, ఒక జల్లుకు మళ్ళీ చిగిర్చిన జొన్న పిలకలలో విషం ఉంటుంది. మన రైతులు దానిని నాము అంటారు. ఆకలిమీద ఉన్న పశువు ఆ చేలో పడితే కొద్దిసేపటిలోనే రొప్పి కూలిపోవచ్చు. పచ్చిజొన్నను పూత దశకు రాకముందు మేపవద్దు. పశువు పడిపోతే నాటువైద్యంతో కాలం పోగొట్టక, వెంటనే డాక్టరును పిలవండి. సూదిమందు సమయానికి పడితే బతికే అవకాశం ఉంది.

ఉరుములప్పుడు పశువులను చెట్టు క్రింద కట్టవద్దు. వేసవిలో మూగ ఎదతో ఉన్న గేదెలు చల్లబడ్డాక ఎదకు వస్తాయి, పొద్దున, సాయంత్రం గమనించండి. ఒక ఎద తప్పితే 21 రోజులు పోయినట్లే.

కార్యదర్శిగారికి ఒక మనవి. టీకా తేదీ, లేతగడ్డి వలన శాతం తగ్గే సంగతి, ఈ రెండూ పెద్ద అక్షరాలతో వ్రాయించి పాల కేంద్రం గోడకు అంటించండి. చదవలేనివారికి చదివి వినిపించండి. సభ్యులకు ఒక మనవి. అనుమానం వస్తే సంతకాల కాగితం కంటే ముందు పరీక్ష బల్ల దగ్గరకు వచ్చి, మీ నమూనా మళ్ళీ చూపించమని అడగండి. అది మీ హక్కు.