లెక్క ఊరి ఎదుట చదవాలి
(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాడి సభలో ప్రభుత్వ లెక్కల ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. మన అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడడమే గగనం. శనక్కాయ పోయిన ఏట మన ఇళ్ళను నిలిపేవి రెండే: పాల డబ్బు, కరువు పని కూలి. మొదటిదాని లెక్క రోజూ రెండు పూటలా చూసుకుంటున్నాం. రెండవదాని లెక్క అడగడం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాం.

2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్‌మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం ప్రారంభించిన సంగతి అందరికీ తెలుసు. ఆ 2005 చట్టంలో 17వ సెక్షను ఉండేదని తెలిసినవారు తక్కువ. పనులను గ్రామసభ తనిఖీ చేయాలని అది చెప్పింది. ఈ ఆలోచన ఢిల్లీలో పుట్టలేదు. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్‌కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు పనుల కాగితాలను ఊరి ఎదుట చదివించారు. అదీ మనలాంటి కరువు సీమే. మన రాష్ట్రం దానిని ప్రభుత్వ పద్ధతిగా చేపట్టి, 2009లో సామాజిక తనిఖీకి ప్రత్యేకంగా ఒక సొసైటీని ఏర్పరచింది.

కూలి కుటుంబాలలో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరికి కాక వేరే ఊళ్ళకు పంపేవారు. వారు మస్టరు చేతబట్టి ఇంటింటికీ పోయి, “అక్కా, నీ పేరున ఇన్ని రోజుల కూలి వ్రాశారు, అందిందా?” అని అడిగేవారు. టేపు పట్టి గుంత లోతు కొలిచి, కొలతల పుస్తకంతో సరిచూసేవారు. తరువాత గ్రామసభ, ఆపైన మండలంలో ప్రజావేదిక. బయటపడిన సొమ్ములో తిరిగి వసూలైనది కొద్ది భాగమే, ఇది దాచవలసిన విషయం కాదు. అయినా అక్షరం రాని మనిషి తన పేరున ఏమి వ్రాశారో చెవులారా వినడం చిన్న సంగతి కాదని మేమనుకుంటాం.

మా అనుభవం ఒకటి చెబుతాం. ఒక కరువు ఏట మా ఊరికి రాయితీ గడ్డి విత్తనాలు వచ్చాయని విన్నాం. ఎవరికి ఇచ్చారో తెలియదు. ఆఫీసుకు పోయి గట్టిగా అడిగినా ఫలితం లేకపోయింది. సమాచార హక్కు పౌరులది గనుక, సంఘం పేరున గాక ఒక సభ్యురాలి పేరున దరఖాస్తు పెట్టించాం. “మాకెందుకు అన్యాయం చేశారు?” అని వ్రాశాం. ఆ తప్పు మాదే. ఆ చట్టం రికార్డులో ఉన్నదాన్ని ఇప్పిస్తుంది గాని, సంజాయిషీ చెప్పించదు. రెండవసారి, విత్తనాలు తీసుకున్నవారి జాబితా, సంతకాలతో సహా నకలు కావాలని అడిగాం. వచ్చింది. రచ్చకట్ట మీద చదివాం. గొడ్డూ గోదా లేని ఇళ్ళ పేర్లున్నాయి. ఎప్పుడో చనిపోయిన ఒక పెద్దాయన వేలిముద్ర కూడా ఉంది! ఎవరినీ తిట్టలేదు, చదివి కూర్చున్నాం. మరుసటి ఏడు ఆ జాబితాను పంచాయతీ గోడకు అంటించారు.

అదే రోజు ఒక ముసలమ్మ లేచి, “సరే నాయనా, మీ సంఘం బోనసు లెక్క ఎప్పుడు చదువుతారు?” అంది. మాకు నోట మాట రాలేదు. సహకార సంఘాలు వాటంతటవే సమాచార హక్కు చట్టం క్రిందికి రావని 2013లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. ఆ తీర్పు ఆమెకు చెబితే ఏం బాగుంటుంది? ఆ ఏటి మహాసభలో పద్దు పద్దుగా చదివాం. రెండు చోట్ల కూడిక తప్పింది, అక్కడే దిద్దుకున్నాం.

కనుక మీరు ముందుగా మీ సంఘం బోనసు పట్టిక గోడకు అంటించండి. ఆ తరువాత పశువుల ఆసుపత్రిలో గాలికుంటు టీకాల రిజిస్టరు నకలు అడగండి. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల కార్యాలయంలో 5 రూపాయలు. రసీదు తప్పక తీసుకోండి. 30 రోజులలో జవాబు రాకుంటే అదే శాఖలోని పై అధికారికి అప్పీలు చేయవచ్చు. మేము వ్రాసిన రెండు దరఖాస్తుల నకళ్ళూ, తప్పుదీ ఒప్పుదీ, ఈ బల్ల మీద ఉంచాం. పోయేటప్పుడు చూసి వ్రాసుకోండి.