ఇంటి ముసలికుక్క - క్రొత్త కుక్కపిల్ల



మన పల్లెటిండ్లలో కుక్కకు ప్రత్యేకముగ చోటు చూపవలసిన పని లేదు. వీధియరుగు క్రిందనో, గడ్డివామి నీడనో, పశువుల కొట్టము వాకిటనో అది తనకు తానే యొక తావు నేర్పఱచుకొనును. ఎనిమిది తొమ్మిదేండ్లు కాపు గాచిన పిమ్మట దాని చూపు మందగించును, వినికిడి తగ్గును, కీళ్లు పట్టుకొనును. అంతట గృహస్థుడు, దీని తరువాత వాకిలి కాచుట కొకటి యుండవలయునని తలచి, ఒక పిల్లను దెచ్చి దాని ముందు విడుచును. ముసలిది గుఱ్ఱుమనును. ఇన్నాళ్లు తిన్న కూడు మఱచి పసిదానిపై పగబట్టినదని యింటివారు కఱ్ఱ యెత్తుదురు. ఆ దెబ్బ న్యాయమా యని విచారించుటయే నేటి ప్రసంగవిషయము.

భారతము వినినవారికి సరమ వృత్తాంతము క్రొత్త కాదు. జనమేజయుని యాగస్థలమున నున్న సరమ కొడుకును రాజు తమ్ములు కొట్టిరి. తప్పు చేయని నా బిడ్డ నేల కొట్టితిరని ఆ దేవశుని రాజు నెదుట నిలిచి యడిగినది. ఆదిపర్వమున కుక్కపిల్లకు జరిగిన యన్యాయమును జెప్పిన భారతమే, తుదకు మహాప్రస్థానమున ధర్మరాజు తన వెంట నడచిన కుక్కను విడువ నొల్లక నిలుచుటను గూడ జెప్పినది. మన వాకిట నిప్పు డా రెండును గలవు: ఏమియు నెఱుగని పిల్ల యొకటి, మన వెంట నడచి ముదిసిన కుక్క యొకటి. రెంటికిని న్యాయము జరుగవలెను.

గుఱ్ఱుమనుట కుక్కకు మాటవంటిది. అది మొదట మొగము త్రిప్పుకొనును, పిదప ఒడలు బిగించును, పెదవి యెత్తి పండ్లు చూపును, గుఱ్ఱుమనును. ఇన్ని హెచ్చరికలును చెల్లనప్పుడే సాధారణముగ కఱచును. గుఱ్ఱుమన్నందుకు కొట్టితిమేని కోపము పోదు, హెచ్చరిక మాత్రమే పోవును. అట్టి కుక్క మఱునాడు చప్పుడు చేయకయే కఱచును. ఆ కాటు పిల్లకే తగులునని యేమి నమ్మకము? ప్రక్కన నాడుకొను మన మనుమనికి తగులవచ్చును. కావున ముసలిది గుఱ్ఱుమన్నప్పుడు దానిని దండింపక, పిల్లను మెల్లగ నవతలికి తీసికొనుడు. ఎన్నడును లేనిది అది చీటికిమాటికి విసుగుకొన్నచో, కీళ్లనొప్పియో పంటిబాధయో యుండవచ్చును, పశువైద్యునకు చూపుడు.

పిల్లను తెచ్చుటకు ముందు మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది వయస్సు. ఎనిమిది వారములు నిండకముందు తల్లినుండి వేఱు చేయరాదు. ఎంత గట్టిగ కఱచిన నెదుటిదానికి నొప్పి కలుగునో తోబుట్టువులతో ఆడుకొనుచునే పిల్ల నేర్చుకొనును. రెండవది రోగము. 1978లో గుర్తింపబడిన పార్వో యను వ్యాధి పిల్లలకు నెత్తురు విరేచనములు కలిగించి ప్రాణము దీయును; ఆ విషక్రిమి నేలలో నెలల తరబడి నిలుచును. దీనికిని, డిస్టెంపరునకును ఆఱు మొదలు ఎనిమిది వారముల మధ్య టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారముల కొకసారి చొప్పున పదునాఱు వారములు నిండువఱకు వేయింపవలెను. కడుపులోని పురుగులకు మందు పట్టింపవలెను.

మూడవది వెఱ్ఱికుక్క రోగము. పిల్లకు మూడు నెలలు నిండగానే దీని టీకా వేయించి, ఏడాదికి మరల వేయించి, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువు తప్పరాదు. ముసలిదాని గడువు దాటినదేమో చూచుకొనుడు. ఏ కుక్క కఱచినను, పండ్లు గీచుకొనినను, గాయమును సబ్బుతోను పాఱునీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. ఈ రోగము పైకి కనబడిన పిమ్మట బ్రతుకుట మిక్కిలి యరుదు. ముందుగ టీకా వేయించుకొన్నవారును కాటు పడినచో ఆసుపత్రికి పోవలెను.

ఇక కలిపెడు విధము. తొలిచూపు ఇంటి గడపలో గూడదు; అది ముసలిదాని యేలుబడి. ఊరకుక్కలు తిరుగని బీటినో చేనిగట్టునో యెన్నుకొనుడు. ఒక్కొక్క దానిని ఒక్కొక్కరు త్రాట పట్టుకొనవలెను. త్రాడు వదులుగ నుండవలెను. బిగించి లాగినకొలది కుక్కకు ఉద్రేకము హెచ్చును. ఎదురెదురుగ నిలుపక, ఎడముగ ప్రక్కప్రక్కన నడపించుడు. పిదప ఒక క్షణము వాసన చూడనిచ్చి, వెనుకకు పిలిచి, మరల నడపించుడు. ఇల్లు చేరునప్పుడు ముసలిదే ముందు లోనికి పోవలెను.

ఇంటిలో రెంటికిని వేఱువేఱు చిప్పలలో, ఒకదాని కొకటి కనబడనిచోట కూడు పెట్టుడు. ముసలిదానికే ముందు పెట్టుడు. దాని పడక పిల్ల కీయకుడు. క్రొత్తకోడలు వచ్చిన నాడే అత్తగారి చేతినుండి తాళపుచెవులు లాగికొన్న యింట శాంతి యుండునా? పిల్ల దగ్గఱ నున్నప్పుడే ముసలిదానికి నచ్చిన ముద్ద యొకటి వేయుచుండుడు. పిల్ల వచ్చిన తనకు మేలే కలుగుచున్నదని దానికి తెలియవలెను. పిల్లలు పగలును రాత్రియు గూడ చాలవఱకు నిద్రపోవును. ఆ వేళ తడిక చాటున నుంచినచో ముసలిది విశ్రమించును. కొన్ని వారములు గడచి నమ్మకము కుదురువఱకు రెంటిని ఒంటరిగ విడువకుడు.

ముందుకాళ్లు వంచి వెనుకభాగ మెత్తుట ఆటకు పిలుపు. కదలక గ్రుడ్లప్పగించి చూచుట, తోక నిక్కించుట పోరునకు గుఱుతు. పోరే వచ్చినచో నడుమ చేయి పెట్టకుడు. నీళ్లు చల్లియో, పలక యడ్డముపెట్టియో విడదీయుడు.

తొందర పడకున్నచో పెక్కిండ్లలో ఈ రెండును కుదురుకొనును. ఎవరు ఇంటివారో, ఎవరు పరాయివారో, ఏ చప్పుడునకు మొఱుగవలెనో పిల్ల ముసలిదానిని చూచి నేర్చుకొనును. ఆ విద్య నిచ్చు గురువును, శిష్యుడు వచ్చినాడని గడప దాటించుట మన యింటికి తగదు.