ఐడ్లింగ్ నిలబడని పాత కారు: స్క్రూ తిప్పే ముందు ఏం చూడాలి?

పాత కారున్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఇబ్బంది గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. సిగ్నల్ దగ్గర ఆపుతాం, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాం. ఇంజను ఒకసారి పైకి లేస్తుంది, ఒకసారి కిందికి పడుతుంది, స్టీరింగ్ వణుకుతుంది. సరిగ్గా పచ్చ లైటు పడే టైముకి ఆగిపోతుంది. వెనకాల హారన్లు. రేస్ ఇస్తే మాత్రం శుభ్రంగా నడుస్తుంది.

మొన్న హైదరాబాద్‌లో నా దగ్గరికి ఒక రిటైర్డ్ మాస్టారు 1997 మోడల్ మారుతి 800 తెచ్చారు. కార్బొరేటర్ బండి. వాళ్లావిడను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లేది అందులోనే. మొదట చూపించిన మెకానిక్ స్క్రూ తిప్పి స్లో పెంచేశాడు. కొన్నాళ్లు నడిచింది, మళ్లీ మొదలు. రెండో ఆయన ‘ఇంజను అయిపోయింది, బోరు చేయించాలి’ అన్నాడు. మాస్టారు నన్నడిగింది ఒక్కటే: "డబ్బు పెట్టమంటారా, పాత ఇనప్పనికి ఇచ్చేయమంటారా?"

చివరికి పాడైంది జానెడు రబ్బరు పైపు అండీ. అది ఎలా దొరికిందో చెప్తాను. నేనెక్కడ తప్పు చేశానో కూడా చెప్తాను.

ముందు అసలు సంగతి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకునే వుంటుంది. ఇంజను గట్టిగా పీలుస్తున్నా, లోపలికి వెళ్లే గాలి చాలా తక్కువ. కొబ్బరి బొండాం తాగేటప్పుడు స్ట్రాకి చిన్న చిల్లు పడితే నీళ్ల కంటే గాలే ఎక్కువ వస్తుంది కదా, ఇక్కడా అంతే. కార్బొరేటర్ దాటాక ఎక్కడైనా చీలిక వుంటే, పెట్రోలు కలవని దొంగగాలి దూరుతుంది. మిశ్రమం పల్చబడుతుంది, ఇంజను మిస్ కొడుతుంది. రేస్ ఇచ్చామనుకోండి, అసలు దారిలోనే బోలెడు గాలి వస్తుంది కాబట్టి ఆ కాస్త దొంగగాలి లెక్కలోకి రాదు. అందుకే రోడ్డు మీద బాగుండి, సిగ్నల్ దగ్గర చస్తుంది.

ఇప్పుడు వరుసగా చూద్దాం. బండి ఆరుబయట పెట్టండి, మూసిన షెడ్డులో వద్దు. సైలెన్సర్‌లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన వుండదు, ప్రాణం తీస్తుంది. హ్యాండ్‌బ్రేకు, న్యూట్రల్, చక్రాలకు అడ్డంగా రాయి. చున్నీ, తువ్వాలు, వదులు చొక్కా ఫ్యానుకు దూరం.

మొదటి పని, వినడం. సైలెన్సర్ దగ్గర నిలబడండి. ‘టుక్ టుక్ టుక్’ మధ్యలో ఒకే లయలో ఒక దెబ్బ తప్పుతోందంటే ఒక సిలిండర్ పనిచేయట్లేదని అనుమానించాలి. అలా కాకుండా మొత్తం ఇంజనే ఊగుతుంటే, అంటే పైకీ కిందికీ పోతుంటే, గాలి, పెట్రోలు లెక్క తప్పిందని చూడాలి. ఒక్క మాట, 800కి వున్నవి మూడే సిలిండర్లు. కొంచెం వణుకు దానికి పుట్టుకతోనే వుంది. నాలుగు సిలిండర్ల బండితో పోల్చి కంగారుపడకండి.

రెండోది, ప్లగ్గులు. ఇంజను చల్లారాక మూడూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో గుర్తుండేలా వరుసగా పెట్టండి. లేత గోధుమరంగు వుంటే బాగున్నట్టు. మసి పట్టి నల్లగా వుంటే పెట్రోలు ఎక్కువవుతోంది. జిడ్డుగా నల్లగా వుంటే ఆయిలు పైకి వస్తోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా వుంటే మిశ్రమం పల్చగా వుంది. మాస్టారి బండిలో మూడూ తెల్లగానే వున్నాయి. ఒక్కటే తెల్లగా వుంటే ఆ ఒక్క సిలిండర్ దగ్గర వెతకాలి. మూడూ ఒకేలా వున్నాయంటే మూడింటికీ ఉమ్మడిగా వున్న చోట లోపం వుందని అర్థం.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. అంతకుముందు నా దగ్గరికి వచ్చిన ఇలాంటి బండ్లలో ఎక్కువ వాటికి ఐడిల్ జెట్‌లో చెత్తే కారణం. ఇదీ అదే అనుకుని కార్బొరేటర్ మొత్తం విప్పేశాను. కడిగాను, గాలి కొట్టాను, బిగించాను. ఒక పూట పోయింది. మర్నాడు పొద్దున స్టార్ట్ చేస్తే అదే వణుకు. రెండు నిమిషాల పరీక్ష వదిలేసి రెండు గంటల పని మొదలుపెట్టాను. మీరు అలా చేయకండి.

ఆ రెండు నిమిషాల పరీక్ష ఇదీ. ఇంటేక్ మ్యానిఫోల్డ్‌కు వెళ్లే ప్రతి రబ్బరు పైపునూ, ఇంజను ఐడ్లింగ్‌లో వుండగా, ఒక్కొక్కటిగా గుడ్డ చుట్టిన ప్లేయర్‌తో మెల్లగా నొక్కి పట్టుకోండి. ఏ పైపు నొక్కినప్పుడు ఇంజను శబ్దం సర్దుకుంటుందో అక్కడ వెతకండి. బ్రేక్ బూస్టర్ వున్న బండ్లలో దాని పైపూ చూడాలి. బ్రేకు తొక్కి పట్టుకుంటే ఐడ్లింగ్ మారిపోతోందంటే అనుమానం అటు పెట్టుకోవాలి. కొందరు కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తారు. వేడి ఇంజను మీద అది అంటుకునే ప్రమాదం వుంది, నేను చేయను, చేయమని చెప్పను.

క్రాంక్‌కేస్ ఆవిరిని మ్యానిఫోల్డ్‌లోకి తీసుకెళ్లే పీసీవీ పైపు వంపు దగ్గర నొక్కగానే బండి నిలబడింది. బయటికి తీసి తిప్పి చూస్తే అడుగు వైపు పొడుగునా చీలిక. పైనుంచి చూస్తే కొత్తదానిలా వుంది! ఏళ్ల తరబడి వేడికీ ఆయిలుకీ రబ్బరు గట్టిపడి చీలిపోయింది. అందుకే పైపుల్ని కంటితో చూస్తే చాలదు, వంచి చూడాలి.

పైపు మార్చగానే ఏమైందో తెలుసా? ఐడ్లింగ్ ఒక్కసారిగా ఎగిరిపోయింది. మొదటి మెకానిక్ పెంచిన స్క్రూ అలాగే వుంది కదా! స్క్రూ తిప్పడం తప్పు పని కాదు, మొదటి పని కాదు. లోపం పెట్టుకుని స్లో పెంచితే లోపం దాక్కుంటుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ట్రాఫిక్‌లో క్లచ్ వదలగానే బండి ముందుకు దూకుతుంది. అన్నీ సరిచేశాక, ఇంజను బాగా వేడెక్కాక, మాన్యువల్‌లో చెప్పిన ఆర్పీఎంకు పెట్టాలి. మిక్చర్ స్క్రూ జోలికి వెళ్తే, ముందు ఎన్ని చుట్లు వుందో లెక్కపెట్టి రాసుకోండి. లోపలికి గట్టిగా బిగించకండి, సూది కొస పాడవుతుంది.

మరి ‘బోరు అయిపోయింది’ అన్న మాట సంగతి? అది నోటితో తేల్చేది కాదు. కంప్రెషన్ గేజ్ పెట్టించండి. మాస్టారి బండిలో మూడు సిలిండర్లూ దగ్గర దగ్గరగా, బాగానే చూపించాయి. ఒకటి బాగా తక్కువ చూపిస్తే, అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే రింగుల మీద అనుమానం, పెరగకపోతే వాల్వుల మీద అనుమానం. వ్యాక్యూమ్ గేజ్ వాడేవాళ్లకు ఇంకో మాట. సముద్రమట్టం దగ్గర, విశాఖలోనో మచిలీపట్నంలోనో, మంచి ఇంజను ఐడ్లింగ్‌లో సుమారు 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. ఎత్తు 1000 అడుగులు పెరిగితే సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాద్ 1700 అడుగుల పైనే వుంది. ఇక్కడ అంగుళంన్నర, రెండు తగ్గితే ఇంజను చెడిపోయినట్టు కాదు. ముల్లు నిలకడగా వుందా, కొట్టుకుంటోందా అన్నది చూడండి.

ఎంపీఎఫ్ఐ బండి అయితే కథ కాస్త వేరు. దానికి తిప్పడానికి మిక్చర్ స్క్రూ వుండదు. చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందా చూసి కోడ్ చదివించాలి, థ్రాటిల్ బాడీలో మసి, ఐడిల్ కంట్రోల్ వాల్వు చూడాలి. దొంగగాలి దూరితే అందులో చాలాసార్లు ఐడ్లింగ్ పడిపోవడానికి బదులు పెరుగుతుంది. దాని గురించి వేరే ఎపిసోడ్ చేద్దాం.

మాస్టారికి పైపూ, క్లిప్పులూ కలిపి రెండు వందలు దాటలేదు. నేను అనవసరంగా విప్పిన కార్బొరేటర్‌కు కూలి తీసుకోలేదు, అది నా తప్పు. నిన్న ఫోన్ చేశారు. ఆసుపత్రి గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఆన్‌లోనే వుందట, ఒక్కసారి కూడా ఆగలేదట.

కాబట్టి ఎవరైనా ‘ఇంజను విప్పాలి’ అంటే వెంటనే తల వూపకండి. "పైపులు నొక్కి చూశారా? కంప్రెషన్ ఎంత వచ్చింది?" అని అడగండి. ఈ రెండింటికీ జవాబు వచ్చాకే డబ్బు గురించి మాట్లాడండి.