సాయం ఎవరి చేతి మీదుగా? మహామాంద్యంలో అమెరికా సహాయ చట్టాలు

1933 మే 22న హ్యారీ హాప్కిన్స్ వాషింగ్టన్‌లో కొత్త కొలువులో చేరాడు. అప్పటికి ఆయన గది సిద్ధం కాలేదు. నడవాలోనే ఓ బల్ల వేయించుకుని కూర్చుని, టెలిగ్రాములు పంపడం మొదలుపెట్టాడు. రెండు గంటలు తిరిగేసరికి 50 లక్షల డాలర్లకు పైగా రాష్ట్రాలకు మంజూరైపోయాయి. ఆయన అయోవా రాష్ట్రంలో గుర్రపు జీన్లు అమ్మే దుకాణదారు కొడుకు. న్యూయార్క్ పేటల్లో ఏళ్ల తరబడి పేదల మధ్య పనిచేసినవాడు. ప్రణాళికలు దీర్ఘకాలంలో ఫలిస్తాయని ఎవరైనా అంటే, జనానికి అన్నం ఏ రోజుకారోజు కావాలని జవాబిచ్చేవాడట.

ఈ స్మారకోపన్యాసానికి ఆ నడవాలోని బల్లే మొదలు. మాంద్యం గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని కోట్లు ఇచ్చారన్నది అందరూ అడుగుతారు. ఆ డబ్బు ఎవరి సంతకంతో, ఏ కార్యాలయం ద్వారా, ఎవరి పేరు రాసుకుని బయటికి వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. చట్టం బతుకంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలింది. 1933 నాటికి పనిచేయగలవాళ్లలో నలుగురికి ఒకరు నిరుద్యోగి. లెక్కలో చెబితే సుమారు 1.3 కోట్ల మంది. అప్పటిదాకా పేదవాడిని ఆదుకోవడం చర్చిల పని, రెడ్‌క్రాస్ పని, ఊళ్లో పెద్దమనుషులు పోగుచేసే చందాల పని. అధ్యక్షుడు హూవర్ జాలి లేని మనిషేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆకలితో అల్లాడుతున్న బెల్జియానికి తిండి చేర్చి పేరు తెచ్చుకున్నవాడు. అయితే కేంద్రం నేరుగా చెయ్యి పెడితే స్వచ్ఛంద సేవ చచ్చిపోతుందని గట్టిగా నమ్మాడు. చందాలిచ్చే చేతులే ఖాళీ అయిపోయాక ఆ నమ్మకం ఎవరి కడుపూ నింపలేదు.

1932 జనవరిలో పునర్నిర్మాణ ఆర్థిక సంస్థ ఏర్పడింది. బ్యాంకులకు, రైల్వే కంపెనీలకు అప్పులివ్వడం దాని పని. ఆ జూన్‌లో సంస్థ అధ్యక్షుడు చార్లెస్ డాస్ రాజీనామా చేసి షికాగోకు వెళ్లాడు. కొద్ది వారాలకే ఆయన సొంత బ్యాంకుకు 9 కోట్ల డాలర్ల అప్పు మంజూరైంది. జూలైలో వచ్చిన చట్టం రాష్ట్రాల సహాయ కార్యక్రమాలకు మొత్తం దేశానికంతటికీ కేటాయించింది 30 కోట్లు. అదీ 3 శాతం వడ్డీకి అప్పుగా. తీర్చకపోతే? ముందుముందు రోడ్లకిచ్చే గ్రాంటులో కోసుకుంటారు. ఆకలి తీర్చిన బాకీని రోడ్డు పద్దులోంచి రాబట్టుకునే ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, అసలైన గుమాస్తా బుర్ర అది.

రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా వచ్చాక 1933 మే 12న వెలువడిన సమాఖ్య అత్యవసర సహాయ చట్టం అప్పుకు బదులు గ్రాంటు ఇచ్చింది. మొత్తం 50 కోట్ల డాలర్లు. అందులో సగం, రాష్ట్రం మూడు డాలర్లు ఖర్చుపెడితే కేంద్రం ఒకటి ఇచ్చే లెక్కన. మిగతా సగం, చేతిలో ఏమీ లేని రాష్ట్రాలకు నిర్వాహకుడైన హాప్కిన్స్ విచక్షణ ప్రకారం.

జూన్‌లో హాప్కిన్స్ జారీ చేసిన మొదటి నిబంధన చూడటానికి చిన్నదే. కేంద్ర నిధులను ప్రభుత్వ కార్యాలయాలే ఖర్చు చేయాలి, ప్రైవేటు ధర్మసంస్థల చేతికి ఇవ్వకూడదు. ఆగస్టు 1 నుంచి అమలు. దీంతో నిన్నటిదాకా దాతల సంఘంలో పనిచేసిన మనిషి ఇవాళ సర్కారు జీతగాడై, జవాబుదారీ అయ్యాడు. సాయం కోరి వచ్చినవాడు ఒకరి దయకోసం కాక, ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకున్నవాడయ్యాడు. అవమానం పూర్తిగా పోలేదు. విచారణకు వచ్చినవాళ్లు ఇంటి ఆదాయం, అప్పులు, బంధువుల సంగతులు గుచ్చిగుచ్చి అడిగేవారు. చాలాచోట్ల డబ్బుకు బదులు కిరాణా కొట్టు చీటీ చేతిలో పెట్టేవారు. ఏం కొనాలో కూడా చీటీ రాసినవాడే నిర్ణయిస్తాడు. నగదే ఇవ్వాలని హాప్కిన్స్ పట్టుబట్టేవాడు.

రాష్ట్రాలతో తగాదాలూ తప్పలేదు. 1935 మార్చిలో ఒహాయోలో సహాయ నిధులను రాజకీయాలకు వాడుకుంటున్నారని చెప్పి హాప్కిన్స్ అక్కడి వ్యవహారం మొత్తాన్ని కేంద్రం చేతికి తీసుకున్నాడు. గవర్నర్ డేవీ ఊరుకోలేదు, పరువునష్టం కింద హాప్కిన్స్ మీద అరెస్టు వారంటే తీయించాడు.

అన్నిటికన్నా దగ్గరగా చూడదగ్గది 1933–34 చలికాలం. నవంబరు 9న అధ్యక్షుడి ఉత్తర్వుతో సివిల్ వర్క్స్ అడ్మినిస్ట్రేషన్ పుట్టింది. చలి ముదిరేలోగా 40 లక్షల మందికి పని చూపాలి. అంతమందికి వారం వారం కూలి ఎలా చెల్లించాలి? కొత్త దఫ్తరు కట్టేంత వ్యవధి లేదు. మాజీ సైనికుల సంక్షేమ శాఖకు దేశమంతటా చెక్కులు పంపే యంత్రాంగం ముందే ఉంది. దాన్నే వాడుకున్నారు. నవంబరు 23 నాటికి 8 లక్షల మందికి పైగా కూలి చెక్కులు అందుకున్నారు. జనవరి నడిమికి కూలీల సంఖ్య 40 లక్షలు దాటింది. మధ్యలో కాంట్రాక్టర్లు లేరు. సగంమందిని సహాయ జాబితాల్లోంచి తీసుకున్నారు. మిగతా సగం పేదరికపు విచారణ లేకుండానే పనిలో చేరారు. రోడ్లు వేశారు, బడి భవనాలు బాగుచేశారు, జీతాల్లేక మూతపడ్డ స్కూళ్లలో పాఠాలు చెప్పారు.

ఇంత చురుగ్గా నడిచినదాన్ని 1934 వసంతంలోనే మూసేశారు. ఖర్చు భారమైంది. ఇది శాశ్వతమైపోతుందేమోనని రూజ్‌వెల్ట్‌కే భయం పట్టుకుంది. ఉత్తర్వుతో పుట్టింది ఉత్తర్వుతోనే పోయింది. పని అడిగే హక్కు మాత్రం ఏ చట్టంలోనూ మిగల్లేదు.

ఇక్కడ మన నేలను తలుచుకోక తప్పదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీకి వెనక 2005 నాటి చట్టం ఉండేది. ఏడాదికి వంద రోజుల పని, 15 రోజుల్లో కూలి, పని చూపకపోతే భృతి, కాంట్రాక్టర్ల మీద నిషేధం అన్నీ అందులో రాసి ఉండేవి. అమలులో ఎన్ని తిప్పలున్నా, కూలి ఆలస్యమైనప్పుడు చూపించడానికి చేతిలో ఒక సెక్షన్ ఉండటం చిన్న విషయం కాదు. సివిల్ వర్క్స్ కూలీకి అది లేదు.

1935 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ 488 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఆ డబ్బులోంచి వచ్చిన డబ్ల్యూపీఏ అనే ఉపాధి పనుల సంస్థ 1943లో మూసేదాకా సుమారు 85 లక్షల మందికి పని ఇచ్చింది. రోడ్లు, వంతెనల సంగతి తెలిసిందే. పనిలేని రచయితలకూ అది జీతాలిచ్చింది. వాళ్లు వెళ్లి, ఒకప్పుడు బానిసలుగా బతికి ఇంకా ప్రాణాలతో ఉన్న 2,000 మందికి పైగా వృద్ధుల నోట వాళ్ల కథలు విని రాసుకున్నారు. కరువు పని కింద అక్షరబద్ధమైన చరిత్ర అది.

ఇప్పటిదాకా చెప్పింది అందినవాళ్ల కథ. అందనివాళ్ల కథ కూడా చట్టంలోనే ఉంది. ధరలు నిలబెట్టడానికి 1933లో కోటి ఎకరాల పత్తిని దున్నించేశారు. పరిహారం భూమి యజమాని చేతికి వెళ్లింది. పాలుకు సేద్యం చేసే కౌలుదార్లకు రావాల్సిన వాటా చాలాచోట్ల అక్కడే ఆగిపోయింది. సాగు తగ్గింది కాబట్టి ఇక మీ అవసరం లేదంటూ ఎందరినో వెళ్లగొట్టారు. 1934లో ఆర్కన్సా రాష్ట్రం టైరోంజాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కౌలుదార్ల సంఘం పెట్టుకున్నది అందుకే.

మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన 1938 రుణ ఉపశమన చట్టానికీ అందినవాళ్లను, అందనివాళ్లను విడదీసే అలాంటి గీతే ఉంది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులకు పేరుకున్న వడ్డీ రద్దు. అసలుకు రెట్టింపు కట్టి ఉంటే మొత్తం బాకీ మాఫీ. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ధాన్యం ధర పడిపోయి నలిగిన రైతుకు అది నిజమైన ఊరట. కానీ ఆ చట్టం లెక్కలో వ్యవసాయదారుడు అంటే భూమి మీద హక్కో కౌలో ఉన్నవాడు. సెంటు నేల లేని కూలీ అప్పు దానికి కనబడలేదు.

1935 ఆగస్టు 14న సంతకమైన సామాజిక భద్రతా చట్టంలో ఆ గీత మరీ లోతుగా పడింది. కార్మికశాఖ కార్యదర్శి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం తన ముసాయిదాలో వ్యవసాయ కూలీలను, ఇంటిపనివాళ్లను కూడా వృద్ధాప్య పింఛనులో చేర్చింది. వాళ్ల దగ్గర చందా వసూలు చేయడం ఆచరణలో కష్టమని ఖజానా కార్యదర్శి మోర్గెంథా సభా సంఘం ముందు చెప్పాడు. ఆ రెండు వర్గాలనూ తీసేశారు. దక్షిణాది సభ్యుల ఒత్తిడి ఎంత, వసూళ్ల చిక్కు ఎంత అన్నదానిపై చరిత్రకారుల మధ్య వాదం ఇప్పటికీ నడుస్తోంది. నల్లజాతివారిలో ఎక్కువమంది చేసే పనులు ఆ రెండే అన్నదాంట్లో వాదం లేదు. నిలకడగా ఒకేచోట పనిచేసే కూలీలు, ఇంటిపనివాళ్లు ఆ చట్టంలోకి వచ్చింది 1950 సవరణతో. మిగిలినవారిలో చాలామంది 1954 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.