చంటిబిడ్డ వినికిడి
(మహిళామండలి సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



బిడ్డ నవ్విన నువ్వుండలు, బోర్లపడిన బొబ్బట్లు, అడుగు వేసిన అరిసెలు పంచుట మన వాడుక. పెద్దలు బిడ్డ ఎదుగుదలను ఎంత శ్రద్ధగా గమనించిరో చూడుడు! కాని చప్పుడు విన్నందుకు పంచు పిండివంట ఏదియు లేదు. అందువలననే కాబోలు, చెవి సంగతి మరచుచుందుము.

నడకకు తొందర వలదు. 9వ నెలలో నడచు బిడ్డ యుండును, 17వ నెలవరకు ఆగు బిడ్డయు నుండును. నెలలు నిండక పుట్టినచో కాన్పు కావలసిన నాటినుండియే లెక్కింపవలెను.

వినికిడి విషయమున ఈ ఓపిక పనికిరాదు. పుట్టిన బిడ్డ పెద్ద చప్పుడునకు ఉలికిపడును. 6 నెలలకు చప్పుడు వైపు తల త్రిప్పును. 9 నెలలకు పేరు పిలిచిన తిరిగి చూచును. చెవిటి బిడ్డయు మొదట ఊకొట్టును, కేరింతలు కొట్టును. తల్లి మోసపోవునది ఇక్కడనే. తన గొంతు తనకు వినబడనందున ‘తాతాతా’, ‘బాబాబా’ యను పలుకులు సకాలమున రావు.

బిడ్డ కంటబడక వెనుక నిలిచి గిలక ఆడించి చూడుడు. చప్పట్లు వలదు, గాలి తగిలియు తిరుగవచ్చును. కొద్దిపాటి లోపము దీనితో తేలదు కనుక, అనుమానమున్న ఆసుపత్రిలో యంత్రపరీక్ష చేయింపవలెను. నిద్రించు పసికందుకును అది నొప్పిలేక జరుగును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున అంగన్‌వాడీకి వచ్చు వైద్యబృందమునకును చూపవచ్చును.

“మేనమామకును మాటలు ఆలస్యమే” యని అవ్వ ప్రేమతోనే చెప్పును. ఆ ఓదార్పుతో ఏడాది గడచును. మొదటి నెలలో పరీక్ష, 3 నెలలలోపల నిర్ధారణ, 6 నెలలలోపల చికిత్స: వైద్యులు కోరు గడువు ఇంతే.