మనుషులకు కార్జపు జలగ వ్యాధి - గుర్తింపు, నివారణ

(హైదరాబాదు, సుల్తాన్ బజారులో రైతుల ఎదుట చేసిన ప్రసంగం)



గొర్రెకు దవడ కింద నీరు దిగి సంచివలె వేలాడినా, గేదె తిన్న మేత ఒంటబట్టక చిక్కిపోయినా కార్జపు జలగ పట్టిందేమోనని మీరు అనుమానిస్తారు. ఆ జలగ మనిషి కార్జంలోనూ చేరగలదని తెలిసినవారు తక్కువ. నేను వైద్యుణ్ణి కాను, పంటల శాస్త్రం బోధించేవాణ్ణి. అయినా ఈ వ్యాధి పేడకు, చెరువుకు, ఆకుకూరకు సంబంధించినది గనుక మీతో ముచ్చటిస్తున్నాను.

మనం కూర్చున్న ఈ సుల్తాన్ బజారుకు కొద్ది మైళ్ల దూరాన, బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచినాడు. మలేరియాకు దోమ ఎట్లాగో, కార్జపు జలగకు నత్త అట్లాగే.

ఇది రక్తం పీల్చే నీటి జలగ కాదు. ఆకువలె పలుచగా ఉండే పురుగు. మన మైదానాలలోని రకం ఒకటి నుండి మూడు అంగుళాల వరకు పెరుగుతుంది. దీని గుడ్లు పశువుల పేడలో పడతాయి. ఆ పేడ నీటిలో కలిస్తే గుడ్డు పగిలి, పిల్లపురుగు నత్తలో దూరుతుంది. అక్కడ ఒకటి వందలై బయటికి వచ్చి, నీటి మొక్కల ఆకులకు, కాడలకు కంటికి కనిపించని గుళికలుగా అంటుకొంటుంది. ఆ ఆకును పచ్చిగా తిన్నా, ఆ నీటిని కాచకుండా త్రాగినా వ్యాధి సోకుతుంది. పశువును తాకినందువల్ల రాదు. బాగా ఉడికిన కార్జం తిన్నా రాదు.

మన ప్రాంతంలో మనుషులకు ఇది అరుదు. అయితే ఇరాన్ దేశంలోని గిలాన్ ప్రాంతంలో 1989లో వేలమందికి ఒక్కసారిగా సోకింది. అరుదైన వ్యాధి కావడం వల్లనే దీనిని గుర్తించడం ఆలస్యమవుతుంది.

మొదటి నెలలలో జ్వరం, కుడి డొక్కలో నొప్పి, దద్దుర్లు, ఆకలి మందగించడం కనిపిస్తాయి. తరువాత జలగలు పైత్యనాళాలలో చేరితే నొప్పి వచ్చిపోతూ, కామెర్లు కూడా రావచ్చును. కామెర్లు అనగానే పసరు పోయించి, వాతలు పెట్టించి రోజులు గడపరాదు. ఆసుపత్రికి వెళ్లి, "మా పశువులకు జలగ వ్యాధి ఉన్నది, నేను చెరువు ఆకు పచ్చిగా తిన్నాను" అని వైద్యునికి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యునికి దారి చూపుతుంది.

రక్తపరీక్షలో ఇయోసినోఫిల్ కణాలు హెచ్చుగా ఉంటే అనుమానం బలపడుతుంది. మలంలో గుడ్లు మూడు, నాలుగు నెలలకు గాని కనబడవు. కనుక తొలిదశలో రక్తంలోని ప్రతిరక్షకాల పరీక్ష, స్కానింగు అవసరమవుతాయి. జలగ ఉన్న కార్జాన్ని వండుకొని తిన్నవారి మలంలో కూడా ఆ గుడ్లు కనబడవచ్చును. అప్పుడు కొన్ని దినాలు కార్జం మాని, మరల పరీక్ష చేయించుకోవలెను.

దీనికి సరియైన మందు ట్రైక్లాబెండజోల్. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల లెక్కన, ఎన్ని మోతాదులో వైద్యుడే నిర్ణయించవలెను. నులిపురుగులకు మింగే ఆల్బెండజోల్ మాత్రను నమ్ముకొనరాదు. పశువులకు తెచ్చిన జలగ మందును ఇంట్లో ఎవరూ త్రాగరాదు. పేరు ఒకటే అయినా అది మనుషులకు తయారు చేసినది కాదు.

మీరు చేయవలసినవి ఇవి:

1. పొన్నగంటి, తూటికూర వంటి తడినేల, నీటి ఆకుకూరలను ఉడికించియే తినవలెను. కడిగినంత మాత్రాన గుళికలు ఊడిపోవు.

2. చెరువులో పండే సింగాడా కాయలను పంటితో ఒలవరాదు.

3. చెరువు, కాలువ నీటిని కాచి త్రాగవలెను.

4. పచ్చిపేడను నీటిలోగాని, ఆకుకూర మడిలోగాని వేయరాదు. కుప్పవేసి బాగా మాగనిచ్చిన ఎరువునే వాడవలెను. కుప్పలోని వేడికి గుడ్లు చస్తాయి.

5. నత్తలున్న బురద గట్లలో పశువులను మేపరాదు. పశువైద్యుని సలహాపై వాటికి సకాలంలో మందు పట్టించవలెను.

పశువు కార్జాన్ని కాపాడుకొంటే పాలు, మాంసం నిలుస్తాయి. అదే జాగ్రత్తతో మన ఇంటివారి కార్జమూ నిలుస్తుంది. పేడను నీటికి దూరంగా ఉంచండి, ఆకును ఉడికించి తినండి. సెలవు.